ఒక్క వాక్యం కోసం

జీవిత ధ్యేయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవాలని మూడు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. చెన్నైలో, మైలాపూరులోని పొట్టి శ్రీరాములు స్మారక భవనం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా, 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణాలర్పించిన ఆ మహనీయునికి తాను కోరుతున్నదేమిటో ఎంత స్పష్టంగా తెలుసో కదా అనిపిస్తుంది. నేను మొదట రాసుకున్న "మంచి మనిషిగా బతకాలి" అన్న మాటలో మరునాడు ఉదయం చేయవలసిన పని ఏదీ కనిపించలేదు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణాలను ఎంచుకొని, వారానికి ఒక్కదానిపైనే ప్రధానంగా దృష్టి నిలిపి, తప్పిన ప్రతిసారీ పుస్తకంలో చుక్క పెట్టుకునేవాడు. ఆశయానికి లెక్క ఉండటమే ఆ పద్ధతిలో నాకు నచ్చింది. ఇప్పుడు నా వాక్యం ఇది: "ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతాను." ఈ ఏడాది లక్ష్యం మా అపార్ట్‌మెంటులోని ఐదుగురు పిల్లలు, ప్రతి ఆదివారం ఒక గంట. గుణింతాల దాకా వచ్చాం.