అలసట రాకముందే కూర్చోవడం

ఎడమ కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. వెనక వస్తున్న మా చెల్లెలు దాన్ని చేత్తో పట్టుకుని, "అక్కా, ఒక్క చెప్పుతోనే నడుస్తున్నావు" అంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు పేరు నేను వినడానికి మూడు వారాల ముందు సంగతి అది.

ఎమ్మారై స్కానులో మెదడులోనూ వెన్నుపాములోనూ మచ్చలు కనిపించాయి. నరాలకు తొడుగులా ఉండే మైలిన్ పొరను నా రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తోందని న్యూరాలజిస్టు చెప్పారు. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించాక పాదానికి చాలావరకు స్పర్శ వచ్చింది. ఆ తర్వాత మొదలుపెట్టిన మందు కొత్త రిలాప్స్‌లను, అంటే రోగం మళ్లీ తిరగబెట్టడాన్ని, తగ్గించడానికే. జరిగిపోయిన నష్టాన్ని అది పూడ్చదు. ఈ తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది. మందు వాడుతున్నాను కదా, కాలు దానంతటదే బాగవుతుందని ఏడు నెలలు ఎదురుచూశాను. ఆ ఏడు నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పునరావాస చికిత్స మొదటి రోజున ఫిజియోథెరపిస్టు 25 అడుగులు వేగంగా నడవమన్నారు. బాగానే నడిచాను. తర్వాత ఆరు నిమిషాలు నడిపించారు. నాలుగో నిమిషంలో ఎడమ పాదం మునివేళ్లు నేలకు రాసుకోవడం మొదలైంది. "నడక పోలేదమ్మా, నాలుగో నిమిషం దాకా బాగానే ఉంది. మనం అక్కడి నుంచే మొదలుపెడదాం" అన్నారావిడ.

అంతవరకు నేను కాలు ఈడ్చుకుపోయేదాకా నడిచి, పట్టుదలతో ఇంకో నాలుగడుగులు వేసేదాన్ని. అదే ధైర్యమనుకున్నాను. ఆవిడ రెండు నిమిషాలు నడక, రెండు నిమిషాలు కుర్చీ అని లెక్క పెట్టారు. కాలు బాగున్నప్పుడే కూర్చోవాలి! వ్యాయామాలన్నిటికన్నా నాకు కష్టమైంది ఇదే. మూడో వారానికి ఆ లెక్కతోనే, మునివేళ్లు నేలకు తగలకుండా మొత్తం పన్నెండు నిమిషాలు నడవగలిగాను.

వేడి సంగతి కూడా అక్కడే తెలిసింది. వేడినీళ్ల స్నానం తర్వాత చూపు మసకబారితే రోగం మళ్లీ తిరగబెట్టిందని వణికిపోయేదాన్ని. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరంలో సంకేతం మందగిస్తుందట. శారీరక శ్రమ తర్వాత ఇలా చూపు కాసేపు మసకబారడాన్ని విల్హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే గుర్తించాడు. చల్లబడగానే చూపు తేటపడితే అది రిలాప్స్ కాదు. కొత్త లక్షణం 24 గంటలు దాటినా పోకపోతే మాత్రం న్యూరాలజిస్టుకు ఫోను చేయాలి. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేదాన్నో.

పాదాన్ని ఎత్తిపట్టే స్ప్లింట్ వద్దని రెండు నెలలు మొండికేశాను. ఇప్పుడు దూరం వెళ్లే రోజుల్లో పెట్టుకుంటున్నాను.

నిన్న చెల్లెలితో నడుస్తూ, రెండు నిమిషాలు కాగానే బెంచీ చూపించాను. "అలసిపోయావా అక్కా?" అని అడిగింది. "ఇంకా లేదు" అని కూర్చున్నాను.