ముందు ముఖ్యం, తర్వాతే అర్జెంటు: రెండు కాగితాల పద్ధతి

ఏ పని ముందు చేయాలో తేల్చుకునే నాలుగు గడుల బొమ్మ చాలామంది చూసే ఉంటారు. పైన ముఖ్యమైనవి, కింద కానివి. ఎడమ అర్జెంటు, కుడి నిదానం. గీయడానికి అర నిమిషం పట్టదు. అయినా మూడో రోజుకల్లా ఆ కాగితం ఏ పుస్తకం మధ్యలోకో వెళ్లిపోతుంది. లోపం గడుల్లో లేదు, నింపే తీరులో ఉంది. గుర్తొచ్చిన పనిని గుర్తొచ్చినట్టే గడిలో రాసేస్తే, పై ఎడమ గడి కిక్కిరిసిపోయి మిగతా మూడూ బోసిగా మిగులుతాయి. అలాంటప్పుడు అది మామూలు పనుల చిట్టానే, గీతలు అదనం.

అందుకే ఒక కాగితం చాలదు, రెండు కావాలి. ఒకటి తేల్చుకోవడానికి, రెండోది పెట్టుకోవడానికి.

మొదటిది నిలువుగా పెట్టిన ఏ4. వెడల్పు 210 మి.మీ. రెండు పక్కలా 10 మి.మీ. వదిలితే 190 మిగులుతుంది. దాన్ని 100, 60, 30గా మూడు నిలువు వరుసలు చేయండి. మొదటి వరుసకు ‘పని’, రెండో దానికి ‘చేయకపోతే?’, మూడో దానికి ‘తేదీ’ అని పేరు. పంక్తికీ పంక్తికీ మధ్య 10 మి.మీ. ఉంటే 25 పనులు సులువుగా పడతాయి. అంతకు మించితే ఇంకో కాగితం తీయొద్దు. పాతికకు పైన ఉన్నవి చాలావరకు పనులు కావు, కోరికలు.

పది నిమిషాలు టైమర్ పెట్టుకుని మొదటి వరుస మాత్రమే నింపాలి. వరుసక్రమం అక్కర్లేదు. ఒక్కటే షరతు: ప్రతి పంక్తి చివర క్రియ ఉండాలి. ‘ఇన్సూరెన్స్’ అని రాస్తే అది పని కాదు, ఒక తలనొప్పి పేరు. ‘పాలసీ కాగితం వెతికి, గడువు ఎప్పటిదాకా ఉందో చూడాలి’ అంటే పని. మొదటి రకం ఏ గడిలో పెట్టినా అక్కడే కూర్చుంటుంది, ఎందుకంటే దాన్ని చూసిన ప్రతిసారీ ఏం చేయాలో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వస్తుంది.

ఆ తర్వాత రెండో వరుస. తేదీల జోలికి ఇంకా పోవద్దు. ఈ పని అసలు చేయకపోతే ఏమవుతుంది? నాలుగు మాటల్లో రాయండి. ‘ఏమీ కాదు’ అని రాయడానికి మొహమాటపడొద్దు, నిజాయితీగా నింపితే అలాంటివి కొన్ని తప్పకుండా తేలతాయి. దాని దెబ్బ నెల తర్వాత కూడా తగులుతూనే ఉంటుందంటే పక్కన చుక్క గుర్తు పెట్టండి. చుక్క ఉన్నది ముఖ్యం, లేనిది కాదు. ఒకటి నుంచి పది మార్కులు వేసే షీట్లు కూడా ఉంటాయి గానీ, వాటిలో అన్ని పనులకూ ఏడో ఎనిమిదో పడుతుంది. అవునా కాదా అన్నదే నయం.

ముఖ్యం ముందు తేల్చడం ఎందుకంటే, తేదీ కంటపడగానే మనసు అటే వంగుతుంది. దీని మీద 2018లో ‘జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్’లో ఒక పరిశోధన వచ్చింది. ఎక్కువ ప్రతిఫలం ఉన్న పనిని వదిలేసి, గడువు తక్కువగా కనిపించే చిన్న పనినే జనం ఎంచుకుంటున్నారని ప్రయోగాల్లో తేలింది. ఎంచుకునే ముందు ఫలితం ఏమిటో ఆలోచించేలా చేస్తే ఆ మొగ్గు తగ్గింది కూడా. ‘చేయకపోతే?’ అన్న వరుస చేసేది అదే.

ఇప్పుడు మూడో వరుస, తేదీ. ఇక్కడ జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు. ‘వీలైనంత త్వరగా’ అన్నది తేదీ కాదు. అడిగినవాళ్లనే ఏ రోజుకు కావాలో అడిగి రాసుకోవాలి. సగం సార్లు అది వచ్చే వారం అని తేలుతుంది. తేదీ ఉన్నవాటికి కూడా గడువు ఒక్కటే రాస్తే సరిపోదు, మొదలుపెట్టాల్సిన రోజు కూడా రాయాలి. ఒక రిపోర్టు 30వ తేదీకి ఇవ్వాలనుకోండి. రోజుకు గంట చొప్పున ఐదు రోజులు రాయాలి, ఇంకొకరు చదివి చెప్పడానికి రెండు రోజులు. అంటే 23న మొదలుపెడితే గానీ 29కి చేతికి రాదు. మధ్యలో జ్వరమో, కరెంటు పోవడమో ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి మూడు రోజులు వెనక్కి జరిపితే 20. దాన్ని ‘30/20’ అని రాయండి: ముందున్నది ఇవ్వాల్సిన రోజు, వెనకున్నది మొదలుపెట్టాల్సిన రోజు. అర్జెంటు అవునో కాదో తేల్చేది వెనక అంకె. 20వ తేదీన చూసినప్పుడు ‘ఇంకా పది రోజులుంది కదా’ అనిపించే పని నిజానికి ఆ రోజే అర్జెంటు. ఈ వారంలోగా మొదలవ్వాల్సినవన్నీ ఎడమ పక్కకు, మిగతావి కుడి పక్కకు.

రెండో కాగితం అడ్డంగా పెట్టిన ఏ4. రెండుసార్లు మడిచి విప్పితే నాలుగు సమాన గడులు వస్తాయి, స్కేలు కూడా అక్కర్లేదు. కానీ సమాన గడులు వద్దంటాను. ఎడమ అంచు నుంచి 120 మి.మీ. దగ్గర నిలువు గీత, పై అంచు నుంచి 130 మి.మీ. దగ్గర అడ్డగీత గీయండి. పై కుడి గడి అన్నిటికంటే పెద్దదవుతుంది. ముఖ్యమైనవీ, తొందర లేనివీ అక్కడ పడాలి, వాటికి రాసుకోవాల్సింది ఎక్కువ. పై ఎడమ గడిలో ఐదే పంక్తులు. ఆరోది వచ్చిందంటే ఉన్న ఐదింటిలో ఒకటి బయటికి వెళ్లాల్సిందే. స్క్రీన్ మీది చిట్టాకు అడుగంటూ ఉండదు, కాగితానికి అంచు ఉంటుంది. ఆ అంచు కోసమే కాగితం.

పై కుడి గడిలో పని పేరొక్కటే రాసి వదిలేస్తే అది అక్కడే నానుతుంది. దాన్ని గుర్తుచేస్తూ ఎవరూ ఫోన్ చేయరు, ఎవరూ కోప్పడరు. కాబట్టి ప్రతి పంక్తిలో మూడు సంగతులుండాలి: పని, రోజు–వేళ, మొదటి అడుగు. ‘పంటి డాక్టర్‌కి చూపించుకోవాలి’ అని కాకుండా, ‘పన్ను చూపించుకోవడం, మంగళవారం ఉదయం 10కి, అపాయింట్‌మెంట్ కోసం ఫోన్’ అని. వేళ రాయలేకపోతున్నారంటే ఆ పని ఈ వారానిది కాదు, మొదటి కాగితంలోనే ఉండనివ్వండి. నొప్పి మొదలయ్యాక అదే పని పై ఎడమ గడిలోకి దూకుతుంది, అప్పుడు వేళ మన చేతిలో ఉండదు.

కింద ఎడమ గడి, అంటే అర్జెంటే గానీ ముఖ్యం కానివి. ‘వేరేవాళ్లకు అప్పగించండి’ అని అందరూ రాస్తారు. అప్పగించడానికి కింద మనుషులున్నవాళ్లకు బాగానే ఉంటుంది. లేనివాళ్లు ప్రతి పంక్తి ముందు ఒక అక్షరం వేసుకోవచ్చు. ‘త’ అంటే తగ్గించు: గంట పట్టే వివరణకు బదులు మూడు వాక్యాల జవాబు. ‘క’ అంటే కలుపు: అలాంటివన్నీ పోగేసి రోజుకు రెండుసార్లే, ఒక వేళకు చూడటం. ‘వ’ అంటే వద్దని చెప్పు. ‘వ’ అసలే కనపడని షీటు చూస్తే నాకు అనుమానమే.

కింద కుడి గడిలో రెండూ కానివి రాయాలంటారు. వాటికి మొదటి కాగితం మీద గీత కొట్టేస్తే పోతుంది, మళ్లీ రాసి గౌరవించడం దేనికి? ఆ ఖాళీని వారం మధ్యలో ఊడిపడే పనులకు ఉంచండి. కొంప మునిగినట్టు వచ్చిన ప్రతిదాన్నీ ముందు అక్కడ వేళతో సహా రాయాలి, ‘బుధ, 11:20’ అని. పూట గడిచాక ‘చేయకపోతే?’, ‘ఏ తేదీకి?’ అన్న రెండు ప్రశ్నలూ వేసి చూడండి. కొన్ని అప్పటికే చల్లారి ఉంటాయి.

పెన్ను సంగతి చిన్నదే, కానీ పనికొస్తుంది. చుక్కలు పెన్నుతో, తేదీలు పెన్సిల్‌తో. తేదీ రోజురోజుకూ మారుతుంది, దాన్ని చెరిపి దిద్దుకోవచ్చు. ముఖ్యం అన్నది బుధవారానికల్లా మారిపోయిందంటే సోమవారం సరిగా ఆలోచించలేదని అర్థం. అది చెరగకుండా కనపడాలి.

అంటించే చీటీలు వాడేవాళ్లున్నారు. 76 మి.మీ. చదరపు చీటీలైతే పెద్ద గడిలో కూడా రెండే పడతాయి. 38 × 51 మి.మీ. చీటీలైతే తొమ్మిది పడతాయి. నలుగురు కలిసి గోడ ముందు నిలబడి తేల్చుకునేటప్పుడు అవే మేలు. ఒక్కరికైతే నేను వద్దంటాను. నాలుగైదు సార్లు జరిపేసరికి జిగురు పోయి రాలిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు, జరపడం మరీ తేలిక. నిర్ణయం తీసుకోకుండానే తీసుకున్నట్టు ఉంటుంది.

చేత్తో తిరగరాయడంలో ఉన్న విసుగే ఈ పద్ధతికి బలం. ప్రతి వారం కొత్త షీటు వేసేటప్పుడు మిగిలిన పనిని మళ్లీ రాస్తూ పక్కన ఒక చిన్న నిలువు గీత పెంచండి. మూడు గీతలు పడ్డ పనిని ఇంకోసారి రాయొద్దు. దాని కారణం దాదాపు ఎప్పుడూ మూడింటిలో ఒకటి: అది అనుకున్నంత ముఖ్యం కాదు, లేదా ఒక్కసారి కూర్చుంటే తేలని పెద్ద పని, లేదా ఇంకొకరి జవాబు కోసం ఆగింది. మొదటిదైతే కొట్టేయండి, రెండోదైతే అరగంట ముక్క ఒకటి విడదీసి రాయండి, మూడోదైతే ఎవరిని ఏ రోజు అడగాలో రాయండి.

ఈ ఆలోచనకు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు అంటుకుని ఉంది. 1954లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో చేసిన ఒక ప్రసంగంలో, అర్జెంటువి ముఖ్యం కావు, ముఖ్యమైనవి ఎప్పుడూ అర్జెంటు కావు అన్న మాట చెప్పాడు. అదీ సొంత మాట కాదు, ఒక కాలేజీ మాజీ అధ్యక్షుడు అన్నదంటూ చెప్పాడు. గడులు గీసింది తర్వాతి మేనేజ్‌మెంట్ రచయితలు.

పాత షీట్లు నాలుగు వారాలు పారేయకండి. నెలాఖరున నాలుగూ పక్కపక్కన పరిచి పై ఎడమ గడులు మాత్రమే చదవండి. ఒకే పని రెండు, మూడు షీట్లలో అదే గడిలో కనపడితే అది అనుకోకుండా వచ్చి పడింది కాదు, వస్తుందని ముందే తెలిసింది. దాన్ని వచ్చే నెల మొదటి షీటులో, పై కుడి గడిలో, రోజు–వేళతో సహా ముందుగా రాసి, ఆ తర్వాతే మిగతావి మొదలుపెట్టండి.