ముల్లు పోయింది, నీలం పేజీలూ పోయాయి

దూరదేశాల స్టేషన్లు అందే షార్ట్‌వేవ్ రేడియో వినేవాళ్ల పుస్తకాలు, పత్రికలు ఎందుకు ఆగిపోయాయి అంటే అందరూ ఇంటర్నెట్ వల్లే అంటారు. అది సగం నిజం. చేతిలో రేడియో మారినప్పుడల్లా మనం చదివే పద్ధతి కూడా మారుతూ వచ్చింది. మూడు రకాల రేడియోల మీద నేను ఆ మార్పు చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదటిది ముల్లు తిరిగే రేడియో. డయల్ మీద 31 మీటర్లు (షార్ట్‌వేవ్‌లో ఒక బ్యాండ్ పేరు) అని రాసిన చోట వేలెడు గీత ఉంటుంది. 9400 నుంచి 9900 కిలోహెర్ట్జ్ దాకా అంతా ఆ గీతలోనే ఇమడాలి. ఐదేసి కిలోహెర్ట్జ్ చొప్పున లెక్కేసుకుంటే వంద స్టేషన్లకు చోటు, ముల్లు వెంట్రుకవాసి జరిగితే ఇంకో దేశం. పక్కన ప్రపంచ స్టేషన్ల వివరాలుండే వరల్డ్ రేడియో టీవీ హ్యాండ్‌బుక్ తెరిచి పెట్టుకున్నా, ఫలానా స్టేషన్ 9740లో ఉందని పుస్తకం చెబుతుంది కానీ ఆ 9740 ఎక్కడుందో డయల్ చెప్పదు. అందుకే మేం పుస్తకాన్ని వెనక నుంచి చదివేవాళ్లం. ముందు ఏదో ఒకటి తగలాలి, భాష పోల్చుకోవాలి, టైము రాసుకోవాలి, గంట కొట్టే వేళకు స్టేషన్ పేరు చెబుతారేమోనని ఊపిరి బిగబట్టి కూర్చోవాలి, ఆ తరువాతే పుస్తకం తీసి ఇది ఎవరై ఉంటారా అని వెతకాలి. డెన్మార్క్‌లో ఓ. లుండ్ యోహాన్సెన్ 1947లో మొదలుపెట్టిన ఆ హ్యాండ్‌బుక్ దేశాలవారీగా ఉండేది కాబట్టి ఈ వెతుకులాటకు బాగా పనికొచ్చేది.

రెండోది నంబరు చూపించే రేడియో. 1985లో వచ్చిన సోనీ ఐసీఎఫ్-2010 గురించి పాతవాళ్లు ఇప్పటికీ ఎందుకంత ఇష్టంగా మాట్లాడతారో ఒకసారి దాన్ని పట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది. కిలోహెర్ట్జ్‌లో పదో వంతు దాకా నంబరు కనబడుతుంది, స్టేషన్లు దాచుకోవడానికి ఒక్కోదానికి ఒక్కోటి చొప్పున 32 మీటలున్నాయి. అన్నిటికంటే ముఖ్యం సింక్రనస్ డిటెక్షన్. షార్ట్‌వేవ్‌లో గొంతు ఉన్నట్టుండి వంకరపోయి గుడగుడలాడుతుంది కదా, అది సిగ్నల్ మొత్తం తగ్గడం వల్ల మాత్రమే కాదు, గొంతును మోసుకొచ్చే, మధ్యలో ఉండే క్యారియర్ అనే తరంగం ఒక్కటే క్షణంపాటు పడిపోవడం వల్ల కూడా. ఆ క్షణంలో రేడియో తనే ఒక స్థిరమైన క్యారియర్ తయారుచేసి దాని స్థానంలో పెడుతుంది. పక్క స్టేషన్ మీద పడుతుంటే అటువైపు సైడ్‌బ్యాండ్ (క్యారియర్‌కు రెండువైపులా గొంతును మోసే భాగాల్లో ఒకటి) వదిలేసి రెండోవైపుది మాత్రమే వినొచ్చు. మొదటిసారి ఆ తేడా విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నంబర్లు నొక్కే రేడియో వచ్చాక పుస్తకం మ్యాపు అయిపోయింది. 1984లో మొదలైన పాస్‌పోర్ట్ టు వరల్డ్ బ్యాండ్ రేడియోలో వెనకాల ఉండే నీలం పేజీలు సరిగ్గా ఇలాంటి రేడియోల కోసమే పుట్టాయనిపిస్తుంది. ఎడమవైపు ఫ్రీక్వెన్సీలు వరసగా, పక్కన స్టేషన్ పేరు, ట్రాన్స్‌మిటర్ బలం, ఆ పైన యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము) గంటల మీదుగా అడ్డంగా సాగే పట్టీలు. ఇప్పుడు ఏ నంబరు మీదున్నానో తెలుసు, గడియారంలో టైము తెలుసు, అడ్డం నిలువు చూస్తే జవాబు దొరికేది. 2009 ఎడిషన్‌తో ఆ పుస్తకం ఆగిపోయింది. అందులో పట్టీలు పట్టీలుగా కనబడే రేడియో నెదర్లాండ్స్, రేడియో కెనడా ఇంటర్నేషనల్ రెండూ 2012 జూన్‌లో షార్ట్‌వేవ్ వదిలేశాయి, రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి ఆఖరున వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ పేజీలు తిప్పడం కొంచెం కష్టంగానే ఉంటుంది.

కానీ నాకు నిజంగా లోటు అనిపించేది ఆ పట్టికలు కాదు, రేడియోల సమీక్షలు. పాస్‌పోర్ట్‌లోనూ హ్యాండ్‌బుక్‌లోనూ రేడియోను కొలిచి చెప్పేవాళ్లు. పక్క స్టేషన్‌ను ఎంత ఆపుతుంది, బలమైన సిగ్నల్ పక్కనుంటే తట్టుకుంటుందా, ఇమేజ్‌ను, అంటే స్టేషన్ లేని చోట కూడా దొంగగా వినబడటాన్ని, ఎంత అణచగలదు, అన్నీ. ఈ ఇమేజ్ సంగతి నేను స్వయంగా అనుభవించాను. ఒక చిన్న రేడియోలో ఎక్కడా లేని చోట స్టేషన్ దొరికిందని రెండు రాత్రులు కూర్చుని రిపోర్టు రాసి, తీరా చూస్తే అదే స్టేషన్ 910 కిలోహెర్ట్జ్ పైన హాయిగా, ఇంకా గట్టిగా వినిపిస్తోంది. వచ్చిన ఫ్రీక్వెన్సీని లోపల ఒక్కసారే మార్చే సింగిల్ కన్వర్షన్ రేడియోలో ఆ మార్చిన ఫ్రీక్వెన్సీ, అంటే ఐఎఫ్, 455 కిలోహెర్ట్జ్ అయితే దానికి రెట్టింపు దూరంలో ఇలా దొంగ స్టేషన్ కనబడుతుందని పాత పత్రికలో స్పష్టంగా రాసి ఉంది, చదవకుండా కొన్నాను. ఇప్పటి వీడియోల్లో డబ్బా విప్పడం చూపిస్తారు, పట్టుకుంటే ఎలా ఉందో చెబుతారు, ఒక బలమైన స్టేషన్ పెట్టి బాగుంది అంటారు. బలమైన స్టేషన్ ఏ రేడియోలోనైనా బాగానే వస్తుంది! బలహీనమైన స్టేషన్ పక్కన గట్టిది ఉన్నప్పుడు ఏమవుతుందో చూపించాలి.

మూడోది ఎస్‌డీఆర్, అంటే ఎక్కువ పని సాఫ్ట్‌వేరే చేసే రేడియో. డిజిటల్ టీవీ చూడటానికి చేసిన చౌక డాంగిల్‌ను రేడియోగా వాడుకోవచ్చని 2012లో అందరికీ తెలిసింది. వాటిలో ఎక్కువ వాటికి 24 మెగాహెర్ట్జ్ కిందకు వెళ్లడం రాదు, షార్ట్‌వేవ్ కావాలంటే ఫ్రీక్వెన్సీని పైకి జరిపే అప్‌కన్వర్టరో, ట్యూనర్‌ను దాటి నేరుగా సిగ్నల్ తీసుకునే డైరెక్ట్ శాంప్లింగో ఉండాలి. అయినా తలుపు తెరుచుకుంది. స్క్రీన్ మీద బ్యాండ్ మొత్తం జలపాతంలా దిగుతుంటే వెతకడం అనే మాటకు అర్థమే మారిపోయింది. గంట కొట్టే ముందు రెండు నిమిషాలు, తరువాత రెండు నిమిషాలు బ్యాండంతా రికార్డు చేసుకుని, మర్నాడు తీరిగ్గా ఒక్కో ఫ్రీక్వెన్సీకి వెళ్లి స్టేషన్ పేర్లు వినొచ్చు. పాతకాలంలో ఆ ఒక్క నిమిషంలో ఒక్క స్టేషనే దొరికేది. రేడియో కొనకపోయినా నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం రిసీవర్‌ను బ్రౌజర్‌లోంచే తిప్పుకోవచ్చు.

ఇలాంటి రేడియోకు అచ్చు పుస్తకంతో పనిలేదు, ఫైలు కావాలి. షార్ట్‌వేవ్ షెడ్యూళ్ల ఈబీ (EiBi) జాబితా దించుకుని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే జలపాతం మీదే స్టేషన్ల పేర్లు అంటించి చూపిస్తుంది. 1937లో మొదలైన బ్రిటన్ షార్ట్ వేవ్ మ్యాగజైన్ 2005లో ఆగింది, అమెరికాలో మానిటరింగ్ టైమ్స్ 2013 డిసెంబరు సంచికతో ముగిస్తే మరుసటి నెలే ది స్పెక్ట్రమ్ మానిటర్ పూర్తిగా పీడీఎఫ్ పత్రికగా మొదలైంది. హ్యాండ్‌బుక్ కూడా 2022 సంచికే ఆఖరిదన్నారు, తరువాత జర్మనీకి చెందిన రేడియో డేటా సెంటర్ చేతికి తీసుకుని నిలబెట్టింది. ఆ వార్త చదివి నేను చాలా సంతోషించాను.

ఏ రేడియో కొన్నా ఒక పని మాత్రం ముందు చేయండి. రేడియోను బ్యాటరీ మీద పెట్టి, గరగర ఎక్కువగా ఉన్న ఫ్రీక్వెన్సీలో ఉంచి, ఇంట్లో కరెంటు స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపుతూ వినండి. నా ఇంట్లో 49 మీటర్ల బ్యాండ్‌ను ఏడాదిపాటు మింగేసింది ఒక ఎల్ఈడీ బల్బు, అది మార్చాక కొత్త రేడియో కొన్నట్టయింది. ఆ తరువాత యాంటెన్నా గురించి ఆలోచించండి. పొడుగు వైరు లాగే చోటు లేకపోతే చిన్న లూప్ తీసుకుని, దాన్ని గోల తగ్గే దిక్కుకు తిప్పుకుంటే చాలు.

ఫైళ్లతో నాకున్న బాధ ఒకటే, కొత్తది వస్తే పాతది పోతుంది. మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబరు ఆఖరి ఆదివారం ఒకసారి షెడ్యూళ్లు మారతాయి, మన కంప్యూటర్‌లో పాత ఫైలు మీద కొత్త ఫైలు పడుతుంది. పాస్‌పోర్ట్ అంచుల్లో నేను పెన్సిల్‌తో రాసుకున్నవి మాత్రం ఇంకా ఉన్నాయి, ఏ రాత్రి ఏది ఎలా వినిపించిందో, ఏది సింపోలో (ఎలా వినిపించిందో ఐదు అంకెల్లో వేసే మార్కులు) 25222 ఇచ్చినా సరే చివరిదాకా విన్నానో. అందుకే ఇప్పుడు సీజన్ మారగానే పాత ఫైలుకు పేరు మార్చి దాస్తున్నాను, కొత్తదాంట్లోంచి 49, 31, 25 మీటర్ల పేజీలు అచ్చు తీసి, అంచులు వెడల్పుగా వదిలి, క్లిప్పు పెట్టి రేడియో పక్కన పెన్సిల్‌తో పాటు ఉంచుకుంటున్నాను.