ట్యాంక్‌బండ్ మీద పొద్దు వాలే ఫొటో: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి

హుస్సేన్‌సాగర్ మీద సూర్యాస్తమయం తీయాలంటే ట్యాంక్‌బండ్‌కే వెళ్లాలి. కట్ట చెరువుకు తూర్పున ఉంది కాబట్టి నీళ్ల మీదుగా పడమర కనిపిస్తుంది. నెక్లెస్‌రోడ్‌లో నిలబడితే చెరువు ముందుంటుంది, పొద్దు వీపు వెనక పోతుంది. అది పొద్దున్నే వెళ్లాల్సిన చోటు.

హైదరాబాద్‌లో అస్తమయం జూలై మొదట్లో 6:55 దాకా జరుగుతుంది, నవంబరు చివర్లో 5:40కే అయిపోతుంది. యాప్ చూపించే ఈ టైమ్ అడ్డంకులేమీ లేని దిగంతానికి కట్టిన లెక్క. మన పడమటి గట్టున గుట్టలూ భవనాలూ ఉన్నాయి. అవి రెండు డిగ్రీల ఎత్తున అడ్డొచ్చినా, దాదాపు 9 నిమిషాల ముందే సూర్యుడు మాయం. చలికాలంలో పొగమంచూ దుమ్మూ కలిస్తే ఎర్రటి బింబం భవనాల దాకా కూడా రాదు, గాల్లోనే కరిగిపోతుంది. అందుకే యాప్ టైమ్‌కి కనీసం 45 నిమిషాల ముందు ట్రైపాడ్ నిలబెట్టేయాలి.

విదేశీ వీడియోల్లో చెప్పే గోల్డెన్ అవర్‌ని, అంటే పొద్దు వాలే ముందు గంటసేపు ఉంటుందనే బంగారు వెలుగుని కూడా ఇక్కడ నమ్ముకోకండి. మనం 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, పొద్దు దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. ఆ వెలుగు మొదలయ్యే ఆరు డిగ్రీల ఎత్తు నుంచి దిగంతం చేరడానికి పాతిక నిమిషాలే, కాస్త అటూ ఇటూ.

ఇక అసలు పని, చెరువు మధ్యలోని బుద్ధుడి విగ్రహం వెనక సూర్యుణ్ణి పట్టుకోవడం. అస్తమించే చోటు ఏడాదిలో సరిగ్గా పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు, దక్షిణానికి దాదాపు 25 డిగ్రీలు జరుగుతుంది. జూన్‌లో పొద్దు వాయవ్యం వైపు వాలుతుంది కాబట్టి మీరు కట్ట మీద సచివాలయం వైపు జరగాలి. డిసెంబరులో దానికి ఎదురు, రాణిగంజ్ వైపు. విగ్రహం మీకు అర కిలోమీటరు దూరంలో ఉందనుకుంటే, బింబాన్ని దాని వెడల్పంత పక్కకు జరపడానికి అయిదు మీటర్లకు కాస్త తక్కువ నడిస్తే చాలు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. సూర్యుడు దిగుతూ దిగుతూ కుడికి వాలతాడు, పది నిమిషాల్లో తన వెడల్పు కంటే కాస్త ఎక్కువే. తల వెనక కావాలనుకుంటే మొదట తలకు ఎడమగా ఉండేలా నిలబడండి. అప్పటికే కుడికి దాటిపోతే మీరు ఎడమకు నడవండి, మళ్లీ వెనక్కి వస్తాడు.

లెన్స్ ఎంపికకు ఒక లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ని, అంటే లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే అంకెని 109తో భాగిస్తే సెన్సర్ మీద బింబం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 24 ఎంఎం లెన్స్‌లో 0.2, అంటే చుక్క. 200లో 1.8, అప్పుడు బొమ్మలో బింబం బింబంలా ఉంటుంది. ఫోన్‌లో కూడా వైడ్ వద్దు, 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ వాడండి. ముందు గ్లాసు మీది వేలిముద్రలు తుడవండి, ఆ జిడ్డే వెలుగు చారలుగా పడుతుంది. తెర మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కిందికి జారిస్తే రంగులు తేలతాయి.

కెమెరాలో అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 100, వెలుగును ఒక్క చుక్క దగ్గరే కొలిచే స్పాట్ మీటరింగ్. మీటర్ చుక్కను సూర్యుడి మీద కాదు, రెండు మూడు బింబాల దూరంలో పక్క ఆకాశం మీద పెట్టండి. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ఆ నారింజ రంగునే తప్పనుకుని తగ్గించేస్తుంది, డేలైట్‌కి మార్చండి. ఫొటోలో వెలుగు ఎంత పడిందో గ్రాఫ్‌గా చూపే మామూలు హిస్టోగ్రామ్ ఇక్కడ మోసం చేస్తుంది. మొత్తం వెలుగు సరిగ్గానే ఉన్నట్టుంటుంది గానీ ఎరుపు చానల్ (ఫొటోలోని ఎరుపు భాగం) ముందే హద్దు దాటి కాలిపోయి, బింబం చుట్టూ ఆకాశం ఒకే రంగు ముద్దగా మిగులుతుంది. మూడు రంగులూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకోండి, సెన్సర్ పట్టిన సమాచారమంతా దాచే రా ఫార్మాట్‌లో తీయండి. టెలి లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపేది) పెట్టి, కంటితో నేరుగా చూసే ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి, కళ్లు పోతాయి.

ఫిల్టర్ల మీద డబ్బు పోయకండి. ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ సూర్యుడికి ఎదురుగా పనిచేయదు. యూవీ ఫిల్టర్ బింబానికి దొంగ ప్రతిబింబం తెస్తుంది, ఊడదీయండి. పై సగం మాత్రమే నల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ కూడా ఇక్కడ దండగే, నలుపు ఆగే గీత బుద్ధుడి మీదుగానే పోతుంది.

ట్రైపాడ్ కాలు రెయిలింగ్‌కి తగలనివ్వకండి. బస్సులు పోయేటప్పుడు అదురు ఎక్కుతుంది, రెండు సెకన్ల టైమర్ తప్పనిసరి. గుర్రపు డెక్క కమ్మిన చోట ప్రతిబింబం రాదు, కాస్త నడిచి ఖాళీ నీళ్లు వెతుక్కోండి.

పొద్దు మునగగానే సర్దేసేవాళ్లే ఎక్కువ. 12 నుంచి 20 నిమిషాల తర్వాత ఆకాశం నీలమవుతుంది, దీపాల వెలుగు దానికి సమానమవుతుంది. ఎఫ్/8, ఐఎస్ఓ 100 అలాగే ఉంచి 2 నుంచి 4 సెకన్లు ఇవ్వండి. ఫోకస్ మాన్యువల్‌లోకి ముందే మార్చాలి, చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటుంది. నా మటుకు అసలు ఫొటో ఇదే, బింబం ఉన్నది కాదు.

భవనాలే వద్దనుకుంటే గండిపేటకు పోవచ్చు. 1920లో కట్టిన ఆ ఆనకట్ట కూడా జలాశయానికి తూర్పునే ఉంది. డ్రోన్ తెచ్చేవాళ్లు మాత్రం ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకుని రావాలి. హుస్సేన్‌సాగర్‌కి బేగంపేట విమానాశ్రయం బాగా దగ్గర.