మొదలుపెట్టే ముందు నాలుగు లెక్కలు: గీత 18-25

అనుబంధం క్షయం హింసామనపేక్ష్య చ పౌరుషం
మోహాదారభ్యతే కర్మ యత్తత్తామసముచ్యతే

"ఫలితం మీద ఆశ పెట్టుకోవద్దని గీతే చెప్పింది కదా" అంటూ వ్యాపారంలో తోచినట్టు నిర్ణయాలు తీసుకునేవాళ్లకు ఈ శ్లోకం చూపించాలి. దీనివల్ల ముందు ముందు ఏమవుతుంది (అనుబంధం), ఎంత నష్టపోతాం (క్షయం), ఎవరికి హాని (హింస), అసలు మనకంత తాహతుందా (పౌరుషం)? ఈ నాలుగూ చూసుకోకుండా మోహంలో పడి మొదలుపెట్టే పని తామసం అంటాడు కృష్ణుడు. ఆశ వదలమన్నాడు గానీ లెక్క చూడొద్దనలేదు.

క్షయాన్నీ హింసనీ విడివిడిగా చెప్పడం దగ్గర నేను ఆగిపోతాను. మీటింగుల్లో జరిగేది వేరు. సరుకులో లోపం బయటపడితే, జనానికి కలిగే హాని కూడా "పరిహారం, లాయర్ ఫీజు" అంటూ ఎక్సెల్ షీట్‌లో ఒక వరుసలో చేరుతుంది. హింస కాస్తా క్షయం ఖాతాలో కలిసిపోయాక, ఏది చవక అన్న ప్రశ్నే మిగులుతుంది. ఎక్కువమందికి ఎక్కువ మేలు అన్న ఇంగ్లిష్ తత్వవేత్త బెంథామ్ ఆలోచన కంపెనీల చేతిలో పడితే తరచూ ఇలాగే తేలుతుంది, పాపం ఆయన ఉద్దేశం అది కాకపోయినా. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్న జర్మన్ తత్వవేత్త కాంట్ మాట అక్కడ అడ్డు నిలుస్తుంది. అలాగని కర్తవ్యం పేరుతో తాహతుకు మించిన హామీలిచ్చి, చివరికి జీతాలు ఆపేసే మంచి యజమానులూ ఉంటారు. పౌరుషాన్ని కూడా లెక్కలో చేర్చింది వాళ్లకోసమేనేమో!

1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్‌లో ఎవరో సైనైడ్ కలిపితే 7 మంది చనిపోయారు. విషం కలిపింది కంపెనీ కాదు. అయినా ఆ బ్రాండ్ యజమాని జాన్సన్ అండ్ జాన్సన్ దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు. తర్వాత అమ్మకాలు కోలుకున్నాయి కాబట్టి, అదంతా గొప్ప వ్యాపార తెలివి అన్నట్టు చెబుతుంటారు. నాకది మింగుడుపడదు. కోలుకోకపోతే ఆ నిర్ణయం తప్పయ్యేదా?

ఆ వెంటనే 26వ శ్లోకం పనిని వదిలి, చేసేవాడి వైపు తిరుగుతుంది. "సిద్ధ్యసిద్ధ్యోర్నిర్వికారః": పని నెరవేరినా నెరవేరకపోయినా చలించనివాడు సాత్త్విక కర్త. మనిషి గుణాన్నే ముందు చూడమన్న అరిస్టాటిల్ ఈ మాటకు తలూపేవాడే. సీసాలు వెనక్కి తెప్పించిన రోజున ఆ బ్రాండ్ బతుకుతుందో లేదో ఎవరికీ తెలియదు.