ఏ బాధా లేనప్పుడే చేయించుకున్న పరీక్ష: నా అనుభవం

మహారాష్ట్రలోని మా ధర్మాబాద్‌లో మిర్చి తొడిమెలు తీసే పనికి మా చిన్నమ్మ నాతోపాటే వచ్చేది. ముట్లుడిగిన ఆరేళ్లకు ఆమెకు మళ్లీ రక్తం కనిపించింది. సిగ్గుపడి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పక్క అవయవాలకు పాకిందన్నారు. ఆమె పోయిన మరుసటి ఏడాది, ముప్పై దాటిన ఆడవాళ్ల పేర్లు రాసుకుంటూ ఆశా తాయి (మా ఆశా కార్యకర్త) మా గల్లీకి వచ్చినప్పుడు, ఏ బాధా లేకపోయినా నేను పేరు రాయించుకున్నాను. అప్పుడు నాకు 42 ఏళ్లు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు లోపలి భాగం కనిపించేలా తెరిచి ఉంచే స్పెక్యులం అనే పరికరం పెట్టి, దూదితో పలుచని అసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి లైటు వేసి చూసింది. గదంతా సిర్కా (వెనిగర్) వాసన వచ్చింది, లోపల కొంచెం చురుక్కుమంది, అంతే. కణాలు మారిన చోటు ఆ ఆమ్లం తగిలితే తెల్లబడుతుంది. "తెల్ల మచ్చ కనిపిస్తోంది అక్కా, నాందేడ్‌కు రాసిస్తున్నాను" అని తెలుగులోనే చెప్పింది గానీ, చీటీలో 'పాజిటివ్' అన్న మాట చూడగానే నాకు చిన్నమ్మే కళ్ల ముందు మెదిలింది. ఇన్ఫెక్షన్ వల్ల కూడా మచ్చ తెల్లబడవచ్చని, కాల్పోస్కోపీతో, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే సంగతి తేలుతుందని ఆ చీటీ ఇచ్చేటప్పుడే చెప్పాలి. నాకు నాందేడ్ వెళ్లాక తెలిసింది.

ముక్క తీయించుకున్న ఆసుపత్రికి రిపోర్టు కోసం మూడుసార్లు రైల్లో వెళ్లాను. రెండుసార్లు రాలేదన్నారు. మూడోసారి పట్టుబట్టి వెతికిస్తే, పన్నెండు రోజుల కిందటే వచ్చిన కాగితం వేరొకరి ఫైలులో దొరికింది. మొదటి రెండుసార్లూ నా పక్కన కూర్చున్న బిలోలి వైపు ఆవిడ ఆనాడు రాలేదు. ఆమె కాగితం ఏ ఫైలులో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాది రెండో స్థాయి మార్పు, క్యాన్సర్‌కు ముందు దశ. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ లైంగిక సంబంధం ద్వారా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుందని, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో తానే పోతుందని, పోకుండా నిలిచిన చోట క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుందని డాక్టరమ్మ మా ఆయనను కూడా కూర్చోబెట్టి వివరించింది. ఆ మాటలతో ఇంట్లో అనుమానాలకు తావు లేకుండా పోయింది. మత్తు సూది ఇచ్చి, కరెంటుతో వేడెక్కిన సన్నని తీగతో ఆ భాగం తీసేశారు. సాయంత్రానికే ఇంటికి వచ్చాను. నెల రోజులు బరువులు ఎత్తవద్దని, భార్యాభర్తలు దూరంగా ఉండాలని చెప్పారు.

మన మరాఠ్వాడాలోనే, అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో, 1999లో మొదలైన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష (ఆ వైరస్ ఉందో లేదో చూసేది) చేసిన ఊళ్లలో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు, పరీక్ష లేని ఊళ్లతో పోలిస్తే, దాదాపు సగమే ఉన్నాయి. ముట్లుడిగినవారిలో మార్పు వచ్చే చోటు లోపలికి జరిగిపోతుంది కాబట్టి ఆమ్లం పరీక్షలో సరిగా కనిపించదట. అందుకే మా అత్తమ్మకు హెచ్‌పీవీ పరీక్షే చేయించాను.

ఆరు నెలలకు నా పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఇప్పుడు ఆశా తాయి జాబితా రాసేటప్పుడు నేను పక్కనే కూర్చుంటున్నాను. నాందేడ్‌కు పంపిన ప్రతి పేరు పక్కన, రిపోర్టు చేతికి అందిన తేదీ కోసం ఒక గడి గీయించాను.