చూడని పిట్టకు బొమ్మ

కిందటేడు జూన్‌లో ఒక ప్రచురణ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. కలివికోడి మీద పిల్లల పుస్తకం, 24 పేజీలు, మూడు నెలల గడువు. మా కడప జిల్లా పిట్ట కదా అని డబ్బుల మాట కూడా సరిగా మాట్లాడకుండా ఒప్పేసుకున్నాను. ఫోన్ పెట్టేశాక తట్టింది, ఆ పిట్టను నేను ఎన్నడూ చూడలేదని. నేనే కాదు, చూశానని చెప్పేవాళ్లు మా బంధువుల్లో, స్నేహితుల్లో ఒక్కరూ లేరు.

అది చూద్దామంటే కనబడే పిట్ట కాదు. పగలంతా ముళ్లపొదల నీడలో ఉండి రాత్రిపూట పురుగుల కోసం తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే ఇక లేదనే అనుకున్నారు. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో, లంకమల అడవి అంచున రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడికి టార్చి వెలుగులో దొరికింది. కథ రాసినామె ఇదంతా చక్కగా, చిన్న చిన్న మాటల్లో రాసింది. ఇక బొమ్మలే మిగిలాయి.

ఇంట్లో కూర్చుని దొరికిన ఫొటోలన్నీ ముందు పెట్టుకుని పదిహేను రోజుల్లో పెన్సిల్ బొమ్మలు పూర్తి చేశాను. తెల్లటి కనుబొమ, గొంతు మీద ఇటుక రంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, అన్నీ సరిగ్గా వచ్చాయనే అనుకున్నాను. ఎడిటర్ గారు చూసి, "పిట్ట బాగుందండీ, స్టాంపు మీద బొమ్మలాగా ఉంది" అన్నారు. 1988లో తపాలా శాఖ ఈ పిట్టకు నిజంగానే స్టాంపు వేసింది. కాబట్టి అది మెచ్చుకోలేమో అని ఒక పూటంతా సంతోషపడ్డాను. కాదని సాయంత్రం వచ్చిన మెయిల్‌తో తెలిసింది. పదకొండు జతల పేజీల్లోనూ పిట్ట ఒకే తీరున పక్కకు తిరిగి, ఒకే చోట నిలబడి ఉంది.

దానికన్నా పెద్ద తప్పు ఇంకొకటి. పక్షుల గురించి బాగా తెలిసినాయనకు ఆ బొమ్మలు చూపిస్తే, "కాలికి నాలుగో వేలు ఎక్కడిదమ్మా?" అన్నాడు. ఈ జాతి పిట్టలకు ముందు మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. పేరులో కోడి ఉందని నా చెయ్యి దానంతటది కోడికాళ్లు గీసేసింది. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి కలివికోడి అయింది గానీ అది కోడి జాతే కాదు.

నాకు బయట కూర్చుని బొమ్మలు వేసే అలవాటు కాలేజీ రోజుల నుంచీ ఉంది. ఏడు రోడ్ల కూడలిలో టీ బండ్లు, దేవుని కడప గుడి ముందు పూలమ్మేవాళ్లు, సిద్ధవటం కోట గోడ కింద పెన్నలో గేదెలు. సంచిలో పెద్ద సామానేమీ ఉండదు. అరచేతికి రెండింతలుండే నోటుబుక్కు, పన్నెండు రంగుల డబ్బా, పిడిలోనే నీళ్లు పట్టే బ్రష్షు, తడికి చెదరని నల్ల పెన్ను, ఒక పాత తువ్వాలు. జనం చుట్టూ మూగుతారని కొత్తవాళ్లు భయపడతారు. మూగుతారు, నిజమే. అయిదు నిమిషాలు చూసి పోతారు. పోనివాళ్లు పిల్లలు. వాళ్లకు ఒక కాగితం చించి ఇస్తే వాళ్లూ గీస్తూ కూర్చుంటారు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది మా ఎండ. రంగు పూస్తుండగానే ఆరిపోయి అంచుల్లో గీత కడుతుంది. అందుకే చిన్న స్ప్రే సీసా పెట్టుకుని ముందు కాగితం తడుపుకుంటాను.

డబ్బులొచ్చే పనికి మాత్రం ఈ అలవాటును ఎందుకో ఎప్పుడూ వాడుకోలేదు. అది సరదా, ఇది పని అన్నట్టు ఉండేదాన్ని. నాలుగో వేలు చెరిపేసిన మర్నాడు మా మామతో, "మామా, లంకమల వైపు దిగబెడతారా?" అన్నాను. ఆయనది ఆ పక్క పల్లే. ఎందుకని కూడా అడక్కుండా పొద్దున అయిదింటికి టీవీఎస్ తీశాడు.

అభయారణ్యం లోపలికి పోవాలంటే అనుమతి కావాలి. మేము బయటే, పొలాలకూ పొదలకూ మధ్య ఉండే బీడులో కూర్చున్నాం. తుమ్మ, రేగు, కలివి, మధ్యలో ఎర్రమట్టి, గులకరాళ్లు. రెండో రోజే ఒక గార్డు వచ్చి సంచి చూపించమన్నాడు. ఎర్రచందనం అడవి కదా, ఊరికే కూర్చున్నవాళ్ల మీద అనుమానం రాకుండా ఎట్లుంటుంది? నోటుబుక్కు తిరగేసి, తుమ్మచెట్టు బొమ్మ దగ్గర ఆగి, "ఇది ఆ మూలదే కదమ్మా" అని చెట్టును గుర్తుపట్టి వెళ్లిపోయాడు. ఆ నెలలో నాకు దొరికిన మంచి మాట అదొక్కటే.

పిట్ట కనబడుతుందని పోలేదు. తీతువు కోసం పోయాను. తీతువు కూస్తే కీడని మావాళ్లు చెవులు మూసుకుంటారు గానీ, నాకు ఆ పుస్తకాన్ని నిలబెట్టింది అదే. రెండూ నేలమీద బతికే పిట్టలే, మేత తీరు ఒకటే. నాలుగడుగులు గబగబా పరిగెత్తి, టక్కున ఆగి, ముందుకు వంగి ఒక్క పోటు. మళ్లీ పరుగు. కాగితం మీద చూపు పెడితే అది పోయేది, దాని మీద పెడితే గీత ఎటో పోయేది. మూడు వారాలు వెళ్లాను. మొదటి వారం అంతా తలలేని పిట్టలు, కాళ్లులేని పిట్టలు. తర్వాత కాగితం చూడకుండా గీయడం మొదలుపెట్టాను. ఒక్కో బొమ్మలో నాలుగే గీతలు, కానీ పిట్ట పరిగెత్తడం కనబడింది.

అక్కడ మేకలు తోలుకొచ్చే ఒక తాత రోజూ నా వెనక నిలబడి చూసేవాడు.

"ఏంది పాపా గీచ్చాండావు?"

"తీతువును, తాతా."

"అది యాడ నిలబడ్తాది? మేకల్ని గియ్యి, అవయితే నిలబడ్తాయి."

ఆయన మాట కాదనలేక మేకల్నీ గీశాను. అవీ నిలబడలేదు.

రాత్రి రంగు ఇంకో తలనొప్పి. పిల్లల పుస్తకంలో పదహారు పేజీలు నల్లగా ఉంటే ఎవరు కొంటారు? పొద్దు మునిగాక మామను ఇంకో గంట ఆపి చూస్తే అర్థమైంది, చీకటి నలుపు కాదు. మట్టి చివరిదాకా ఎర్రగానే ఉండి, ముందుగా నల్లబడేవి పొదలు. అల్ట్రామరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపి, పాళ్లు మారుస్తూ ఆ పేజీలన్నీ వేశాను. నల్ల రంగు బిళ్ల ముట్టుకోలేదు.

ఒక్క పేజీ దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. ఐతన్న పట్టుకున్న ఆ పిట్ట బతకలేదు. కథలో ఆ సంగతి లేదు. రాసినామెతో గంటకు పైగా ఫోన్‌లో వాదించాను. ఆరేళ్ల పిల్లలకు ఎందుకని ఆమె, ఆరేళ్ల పిల్లలకే చచ్చిపోయిన కోడిపిల్ల సంగతి బాగా తెలుసని నేను. చివరికి మాట చేర్చలేదు. ఆ జతలో పిట్టా లేదు, మనిషీ లేడు. మెత్తటి మట్టి మీద మూడు వేళ్ల అడుగులు పోయి పోయి ఒకచోట ఆగిపోతాయి. తర్వాత శాస్త్రవేత్తలు దీని జాడ వెతికింది కూడా అట్లాగే, నేల చదును చేసి, తెల్లారి పడిన అడుగులు చూసి. ఆ బొమ్మ సరైనదేనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ప్రెస్ నుంచి మొదటి ప్రూఫ్ వచ్చిన రోజు ఏడుపొక్కటే తక్కువ. నా నీలాలన్నీ బొగ్గు అయ్యాయి. నునుపు లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది, ముదురు రంగులు ఇంకా ముదురవుతాయి. తెలిసిన విషయమే, మరిచిపోయాను. స్కాన్లన్నీ మళ్లీ తెరిచి రంగులు లేతగా మార్చి పంపాను. మూడు నెలల పని ఏడు నెలలు పట్టింది.

పుస్తకం చేతికొచ్చాక మొదటి కాపీ తాతకే తీసుకెళ్లాను. పిట్టను పెద్దగా పట్టించుకోలేదు. మేకల పేజీ దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"నాయి పద్నాలుగు పాపా. నువ్వు పదమూడే ఏసినావు."

నాకు బాగా గుర్తు, పద్నాలుగూ వేశాను. పుస్తకం లాక్కుని రెండు బొటనవేళ్లతో మధ్య మడత విడదీసి చూశాను. కుట్టు లోపల ఒక తోక, ఒక వెనక కాలు.

"ఇదేలే," అన్నాడు తాత. "ఎప్పుడూ ఎనకబడేదే."